బయటి రిపోజిటరీల కలయిక: లినక్స్‌లో డిపెండెన్సీ ఘర్షణలు, వాటి పరిష్కారం

లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల రూపంలో అందుతుంది. ఒక ప్యాకేజీ పనిచేయడానికి అవసరమైన ఇతర ప్యాకేజీలను దాని డిపెండెన్సీలు అంటారు. ప్యాకేజీలను సూచికతో సహా ఒకచోట ఉంచి, అడిగిన యంత్రానికి పంపే నిల్వ రిపోజిటరీ. డెబియన్, ఉబుంటు, ఫెడోరా, ఓపెన్‌సూసే వంటి ప్రతి డిస్ట్రిబ్యూషన్‌కూ సొంత రిపోజిటరీలు ఉంటాయి. వాటికి తోడుగా ఇతర సంస్థలు, స్వచ్ఛంద బృందాలు, వ్యక్తులు నడిపే బయటి రిపోజిటరీలనూ చేర్చుకోవచ్చు. అలా చేర్చినప్పుడు ఒక ప్యాకేజీ కోరే లైబ్రరీ వెర్షన్ దొరక్కపోవచ్చు, ఒకే ఫైలును రెండు ప్యాకేజీలు తమదిగా చెప్పుకోవచ్చు, ఒకటి రావాలంటే ఇంకొకటి పోవలసి రావచ్చు. వీటినే డిపెండెన్సీ ఘర్షణలు అంటారు. వీటిని లెక్కల చిక్కుగా, తెలివైన సాధనం ఉంటే తీరిపోయే సమస్యగా చూడడం పరిపాటి. కానీ మూడు దశాబ్దాల అనుభవాన్ని పరిశీలిస్తే వీటిలో ఎక్కువ భాగానికి మూలం వేరే చోట కనిపిస్తుంది. ఈ యంత్రంలో ఈ ప్యాకేజీకి బాధ్యులు ఎవరన్న ప్రశ్నకు ముందుగా జవాబు నిర్ణయించుకోకపోవడమే ఆ మూలం. ఘర్షణను నిజంగా పరిష్కరించడమంటే ఆ జవాబును స్పష్టంగా చెప్పి, సాధనానికి అర్థమయ్యేలా రాసిపెట్టడం.

నేపథ్యం

ఇయన్ మర్డాక్ 1993లో డెబియన్‌ను ప్రారంభించాడు. దాని ప్యాకేజీ సాధనం డీపీకేజీ 1994లో రూపుదిద్దుకుంది. రెడ్ హ్యాట్ 1995లో ఆర్‌పీఎంను తెచ్చింది. ఈ రెండూ ఫలానా ప్యాకేజీకి ఫలానాది కావాలని చెప్పగలిగేవే గాని, దాన్ని తెచ్చిపెట్టలేకపోయేవి. వాడుకరే ఒక్కో ఫైలు వెతికి దింపుకోవాలి, అది ఇంకోటి అడిగితే మళ్లీ వెతకాలి. 1999లో డెబియన్ 2.1తో వచ్చిన ఆప్ట్, ఆ తర్వాత డ్యూక్ విశ్వవిద్యాలయంలో సేత్ విడాల్, సహచరులు తీర్చిదిద్దిన యమ్ ఈ శ్రమను తప్పించాయి. రిపోజిటరీ చిరునామా ఇస్తే చాలు, కావలసినవన్నీ అవే లెక్కకట్టి తెస్తాయి. ఈ సౌకర్యంతోపాటు కొత్త ప్రమాదం కూడా వచ్చింది. ఒక్క పంక్తి చేర్చితే ఎవరి రిపోజిటరీ అయినా యంత్రంలోని ప్రతి ప్యాకేజీ మీదా మాట చెల్లించుకోగలుగుతుంది.

బయటి రిపోజిటరీలు పుట్టడానికి గట్టి కారణాలే ఉన్నాయి. పేటెంట్ల వల్ల ఫెడోరా కొన్ని వీడియో కోడెక్‌లను ఇవ్వలేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాల వల్ల డెబియన్ కొన్నిటిని ప్రధాన విభాగంలోకి రానివ్వదు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో ఒక్కో విడుదలకు పదేళ్ల మద్దతు ఉంటుంది, కాబట్టి అందులోని పీహెచ్‌పీ వంటివి త్వరగా పాతబడతాయి. ఈ లోటు తీర్చడానికి 2000వ దశకం తొలి ఏళ్లలో ఫ్రెష్ఆర్‌పీఎంస్, లివ్నా, డాగ్, ఏటీఆర్‌పీఎంస్ వంటి రిపోజిటరీలు వచ్చాయి. ఒకే మీడియా లైబ్రరీని ప్రతి ఒక్కరూ తమ పద్ధతిలో విడగొట్టి, తమ సంఖ్యలతో కట్టారు. దేనికదే బాగా పనిచేసేది. రెండు కలిపితే చెడేది. ఆ దశకు ముగింపు పలకడంలో పెద్ద అడుగు వేసింది సాధనాలు కాదు, మనుషులు. డ్రిబుల్, ఫ్రెష్ఆర్‌పీఎంస్, లివ్నా కలిసి 2008లో ఆర్‌పీఎం ఫ్యూజన్‌గా ఏర్పడ్డాయి. దానికి ముందే, 2007లో మొదలైన ఈపెల్ రిపోజిటరీ రెడ్ హ్యాట్ మూల ప్యాకేజీలను ఎన్నడూ మార్చకూడదని నియమం పెట్టుకుంది. ఈపెల్ అన్ని సర్వర్లలో అంత నిశ్చింతగా నడవడానికి ఆ ఒక్క కట్టుబాటే ముఖ్య కారణం. అది ఎక్కడివరకు తన బాధ్యతో ముందే చెప్పింది, ఆ గీత దాటలేదు.

రిపోజిటరీ ఇచ్చే హామీ

రిపోజిటరీని ఫైళ్ల గుట్టగా భావిస్తే ఘర్షణలు అర్థం కావు. దానిలోని ప్యాకేజీలన్నీ ఒకే కంపైలర్‌తో, ఒకే సీ లైబ్రరీ మీద, ఒకదానితో ఒకటి కలిసి పనిచేసేలా కట్టి, పరీక్షించి ఉంటాయి. సూర్యసిద్ధాంత పంచాంగం, దృక్సిద్ధాంత పంచాంగం దేనికది పొందికగానే ఉంటాయి. ఒకదానిలోంచి తిథి, ఇంకొకదానిలోంచి నక్షత్రం తీసుకుని ముహూర్తం పెడితే ఆ పొందిక చెడుతుంది. రిపోజిటరీల సంగతీ అంతే, హామీ మొత్తం సమూహానికి గాని విడి ప్యాకేజీకి కాదు. ఉదాహరణకు, గ్లిబ్‌సీ అనే సీ లైబ్రరీనే తీసుకోండి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7లో గ్లిబ్‌సీ 2.17, 8లో 2.28, 9లో 2.34 ఉన్నాయి. 9 కోసం కట్టిన ప్యాకేజీ 2.34లో వచ్చిన సౌలభ్యాన్ని వాడుకుంటే 8లో నడవదు. డెబియన్ స్థిర విడుదలలోకి పరీక్ష శాఖ నుంచి ఒకే ఒక ప్యాకేజీని తెచ్చుకోబోతే అది తరచు సీ లైబ్రరీని, దాని వెంట మరెన్నిటినో లాక్కొస్తుంది. అలా తయారైన వ్యవస్థను డెబియన్ వర్గాలు ఫ్రాంకెన్‌డెబియన్ అంటాయి.

వెర్షన్ సంఖ్య ఈ హామీని మోయలేదు. సాధనాలు మామూలుగా పెద్ద సంఖ్య ఉన్నదాన్నే ఎంచుకుంటాయి. ఒకే రిపోజిటరీలో ఇది సరైన సూత్రమే, ఎందుకంటే అక్కడ సంఖ్యలు వేసేది ఒకే చెయ్యి. రెండు రిపోజిటరీల మధ్య మాత్రం పెద్ద సంఖ్యకు మెరుగైనదని అర్థం లేదు. పైగా వెర్షన్‌కు ముందు ఎపాక్ అనే మరో సంఖ్య ఉంటుంది, పోలికలో దానిదే పైచేయి. బయటి రిపోజిటరీ తన ఎపాక్‌ను పెంచితే డిస్ట్రిబ్యూషన్ తర్వాత ఎంత కొత్త వెర్షన్ తెచ్చినా అది చిన్నదిగానే తేలుతుంది. ఇలా మూల లైబ్రరీ అధికారం వాడుకరికి తెలియకుండానే చేతులు మారుతుంది.

ఘర్షణ మూడు రూపాలు

మొదటిది, కోరినది దొరకకపోవడం. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్ 3.0 వెర్షన్ 2021 సెప్టెంబరులో వచ్చింది. 2022 ఏప్రిల్‌లో విడుదలైన ఉబుంటు 22.04 ఆ శ్రేణికి మారి, పాత 1.1 లైబ్రరీని తీసేసింది. పాత ఉబుంటు కోసం కట్టిన మాంగోడీబీ డేటాబేస్ ప్యాకేజీలు ఆ 1.1 లైబ్రరీనే కోరేవి, కనుక స్థాపన ఆగిపోయేది. 20.04 నుంచి పాత లైబ్రరీ ఫైలును దింపి పెట్టుకోవడం చాలామంది అనుసరించిన చిట్కా. రెండు లైబ్రరీల ఫైలు పేర్లు వేరు కాబట్టి అవి పక్కపక్కనే ఉండగలవు, సాధనమూ సంతృప్తి పడుతుంది. ఘర్షణ పోయిన మాట నిజమే. అయితే 22.04 రిపోజిటరీలో లేని ఆ ఫైలుకు అక్కడ భద్రతా సవరణ పంపేవారు ఎవరూ లేరు. ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1.1కు ప్రాజెక్టు ఇచ్చే బహిరంగ మద్దతు కూడా 2023 సెప్టెంబరు 11న ముగిసింది. ఎన్‌క్రిప్షన్ చేసే లైబ్రరీనే ఇలా అనాథగా వదిలేసి, దాన్ని పరిష్కారమనడం సరికాదు.

రెండోది, ఒకే స్థానానికి ఇద్దరు హక్కుదారులు ఉండడం. 2014లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ స్థానంలో మరియాడీబీని తెచ్చింది. దాని లైబ్రరీ ప్యాకేజీ మీద ఈమెయిల్ సర్వరు పోస్ట్‌ఫిక్స్ ఆధారపడేది. ఒరాకిల్ వారి మైఎస్‌క్యూఎల్ ప్యాకేజీని నేరుగా ఆర్‌పీఎంతో ఎక్కించబోతే, ఒకే చోట ఒకే పేరున్న ఫైళ్లు రెండిటిలోనూ ఉన్నాయని నిరాకరించేది. మరియాడీబీ లైబ్రరీని తీసేయబోతే పోస్ట్‌ఫిక్స్ కూడా పోతుందని హెచ్చరించేది. పోస్ట్‌ఫిక్స్ కోరేది 18వ సంఖ్య గల లైబ్రరీ, మైఎస్‌క్యూఎల్ 5.7 ఇచ్చేది 20వది. ఒరాకిల్ ఈ ఖాళీని అనుకూలత ప్యాకేజీ ఒకటి విడిగా ఇచ్చి పూడ్చింది. పాత 18వ లైబ్రరీని అది తన తరఫున అందిస్తుంది, మరియాడీబీ లైబ్రరీ స్థానాన్ని కొత్త ప్యాకేజీ తీసుకుంటున్నట్టు రిపోజిటరీయే ప్రకటిస్తుంది. ఇది ఆదర్శప్రాయమైన పరిష్కారం. ఒక స్థానాన్ని తీసుకున్నవారు దాని మీద ఆధారపడిన వారి భారం కూడా తీసుకున్నారు.

మూడోదే అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఎందుకంటే అది స్థాపన సమయంలో నోరు విప్పదు. 2022 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ 6 ప్యాకేజీలు ఉబుంటు 22.04 సొంత రిపోజిటరీలోకి వచ్చాయి. అప్పటికే చాలా యంత్రాల్లో మైక్రోసాఫ్ట్ రిపోజిటరీ కూడా చేర్చి ఉంది. కొన్ని ప్యాకేజీలు ఒకచోటి నుంచి, కొన్ని మరోచోటి నుంచి వచ్చాయి. డిపెండెన్సీలన్నీ పేరుకు తీరాయి, ఏ లోపమూ కనబడలేదు. ఉబుంటు వారి ప్యాకేజీలు ఒక డైరెక్టరీలో, మైక్రోసాఫ్ట్‌వి మరో డైరెక్టరీలో స్థిరపడతాయి. అందువల్ల ప్రోగ్రాము నడపబోయినప్పుడు, ఉండవలసిన చోట భాగాలు లేవంటూ ఆగిపోయేది. మార్గం ఒక్కటే. డాట్‌నెట్ ప్యాకేజీలన్నీ తీసేసి, వాటికి ఒకే మూలాన్ని ఎంచుకుని, రెండో మూలం నుంచి ఆ పేర్లు రాకుండా ఆప్ట్ నియమం రాయాలి. సాధనం లెక్క ప్రకారం ఇక్కడ ఘర్షణే లేదు. చెడిందల్లా బాధ్యత రెండు ముక్కలు కావడం వల్ల.

లెక్క చేయగలిగినది, చేయలేనిది

సాధనాలు మెరుగైతే ఇవన్నీ పోతాయన్న వాదనను తేలికగా తీసేయలేం. ఇచ్చిన రిపోజిటరీ నుంచి ఒక ప్యాకేజీని స్థాపించగలమా లేదా అన్న ప్రశ్న ఎన్‌పీ-సంపూర్ణ సమస్య అని ఐరోపా పరిశోధకులు ఈడాస్ ప్రాజెక్టులో భాగంగా 2006లో నిరూపించారు. సిద్ధాంతరీత్యా కఠినమైనా, తార్కిక వాక్యాలను పరిష్కరించే శాట్ పద్ధతులు ఆచరణలో దీన్ని క్షణాల్లో తేలుస్తాయి. ఓపెన్‌సూసే 11.0 2008లో ఈ పద్ధతిని చేపట్టింది, దాని నుంచి ఎదిగిన లిబ్‌సాల్వ్‌ను ఫెడోరా 22 నుంచి ప్రధాన సాధనమైన డీఎన్ఎఫ్ కూడా వాడింది. పాత సాధనాలు పరిష్కారం ఉన్నా లేదని చెప్పిన సందర్భాలను ఇవి గణనీయంగా తగ్గించాయి. ఆ మేలును ఒప్పుకోవాలి.

అయితే ఈ లెక్క చేసే సాల్వర్ జవాబిచ్చే ప్రశ్న వేరు. పరస్పరం విరుద్ధం కాని సమూహం ఉందా అని అది చూస్తుంది. ఉన్న అనేక సమూహాల్లో వాడుకరికి ఏది కావాలో దానికి తెలియదు. 2021లో ఒక ప్రసిద్ధ యూట్యూబ్ చానల్‌లో ఇది లక్షలాది మందికి కనబడింది. పాప్ ఓఎస్ అనే డిస్ట్రిబ్యూషన్‌లో ఆటల వేదిక స్టీమ్‌ను స్థాపించమని అడిగితే, ప్యాకేజీల వెర్షన్లు కుదరక, డెస్క్‌టాప్‌ను తీసేస్తే సరిపోతుందని ఆప్ట్ ప్రణాళిక వేసింది. హెచ్చరిక వచ్చినా వాడుకరి నిర్ధారణ వాక్యం టైపు చేశాడు, డెస్క్‌టాప్ పోయింది. తర్కం దృష్టిలో ఆ ప్రణాళికలో తప్పులేదు. ఆ తర్వాత ఆప్ట్ రూపకర్తలు అలాంటి తొలగింపును మరింత కఠినం చేశారు. ఒక వ్యవస్థలో ఏది కదలకూడదో మనిషి చెప్పాలి, చెప్పనిదాన్ని ఎంత గొప్ప సాల్వరూ ఊహించలేదు.

బాధ్యతను రాసిపెట్టే పద్ధతులు

ఈ అవసరాన్ని మూడు సాధన కుటుంబాలూ వేర్వేరుగా గుర్తించాయి. యమ్, డీఎన్ఎఫ్, ఓపెన్‌సూసే సాధనం జిప్పర్ ప్రతి రిపోజిటరీకి ప్రాధాన్య సంఖ్య ఇవ్వనిస్తాయి. ఏమీ చెప్పకపోతే అది 99, సంఖ్య తగ్గేకొద్దీ ప్రాధాన్యం పెరుగుతుంది. ఆప్ట్‌లో దిశ తలకిందులు. మామూలు రిపోజిటరీకి 500, స్థిర విడుదల కోసం కొత్త వెర్షన్లు కట్టి ఇచ్చే బ్యాక్‌పోర్ట్స్‌కు 100, 1000 లేదా అంతకుమించితే పాత వెర్షన్‌కు దిగడానికీ అనుమతి, సున్నాకన్నా తక్కువైతే పూర్తి నిషేధం. బ్యాక్‌పోర్ట్స్‌కు 100 ఇవ్వడంలో చక్కటి ఆలోచన ఉంది. ఆ విభాగం చేర్చినంత మాత్రాన ఏదీ మారదు, అడిగిన ప్యాకేజీ మాత్రమే అక్కడి నుంచి వస్తుంది, వచ్చినదానికి నవీకరణలూ అక్కడి నుంచే అందుతాయి. జిప్పర్ ఇంకో అడుగు ముందుకు వేసి, ప్యాకేజీని కట్టినవారి పేరును గుర్తుపెట్టుకుంటుంది. అనుమతి లేకుండా ఒకరి ప్యాకేజీ స్థానంలో మరొకరిది పెట్టదు. ఓపెన్‌సూసే వాడుకరులు మీడియా లైబ్రరీల కోసం ప్యాక్‌మన్ అనే బయటి రిపోజిటరీకి మారేటప్పుడు ఆ అనుమతిని స్పష్టంగా ఇవ్వాలి.

ప్రాధాన్య సంఖ్యలపై బలమైన అభ్యంతరం ఒకటుంది. పై రిపోజిటరీలో పాత వెర్షన్ ఉండి, కింది రిపోజిటరీలో దానికి భద్రతా సవరణ వస్తే ఆ సవరణ కనబడకుండా పోతుంది. కింది రిపోజిటరీలోని ప్యాకేజీ తన పక్కనే ఉన్న కొత్త లైబ్రరీని కోరినా, ఆ లైబ్రరీ మరుగున పడి కొత్త ఘర్షణ పుడుతుంది. ఈ విమర్శ నిజం. దాని నుంచి నేర్చుకోవలసినది, బాధ్యతను మొత్తం రిపోజిటరీకి గుత్తగా ఇవ్వకూడదని, విడి ప్యాకేజీకీ ఇవ్వకూడదని. కలిసి కట్టిన గుంపు ఏదో గుర్తించి ఆ గుంపు మొత్తానికి ఇవ్వాలి. ఉదాహరణకు, మీడియా సాధనం ఎఫ్ఎఫ్ఎంపెగ్, దాని కోడెక్ లైబ్రరీలు ఒక గుంపు. ఫెడోరా సొంతంగా ఇచ్చే పరిమిత ఎఫ్ఎఫ్ఎంపెగ్ నుంచి ఆర్‌పీఎం ఫ్యూజన్ వారి పూర్తి రూపానికి మారేటప్పుడు విడిగా స్థాపించబోతే ఘర్షణ వస్తుంది, డీఎన్ఎఫ్‌లోని మార్పిడి ఆదేశంతో ఒకే లావాదేవీలో మార్చితే రాదు. మీసా గ్రాఫిక్స్ డ్రైవర్లు, వాటికి ఆర్‌పీఎం ఫ్యూజన్ అదనంగా ఇచ్చే వీడియో భాగం కూడా అలాంటి గుంపే. ఫెడోరా మీసాను నవీకరించిన తర్వాత రెండో భాగం రావడానికి కొంత ఆలస్యమైతే సాధనం నవీకరణను ఆపుతుంది. అక్కడ కొద్ది రోజులు వేచి ఉండడమే సరైన చర్య.

పరిష్కార క్రమం

ఘర్షణ ఎదురైనప్పుడు తొలి పని సందేశంలోని ప్రతి ప్యాకేజీ పేరు పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాసుకోవడం. ఆప్ట్‌లో పాలసీ ఆదేశం, డీఎన్ఎఫ్‌లో స్థాపిత ప్యాకేజీల జాబితా, జిప్పర్‌లో వివరమైన వెతుకులాట ఈ సమాచారాన్ని ఇస్తాయి. ఈ పట్టిక తయారైతే, సగం చిక్కులు అక్కడే విడిపోతాయి, ఎందుకంటే గుంపు ఎక్కడ చీలిందో కంటికి కనబడుతుంది. ఆ తర్వాత ఉన్నవి నాలుగే దారులు. గుంపు మొత్తాన్ని బయటి రిపోజిటరీకి మార్చడం మొదటిది. గుంపు మొత్తాన్ని డిస్ట్రిబ్యూషన్‌కు తిరిగి తేవడం రెండోది, ఉబుంటులో పీపీఏ పర్జ్ సాధనం, ఫెడోరాలో డిస్ట్రో సింక్ ఆదేశం అందుకే ఉన్నాయి. రెండిటినీ వేర్వేరు చోట్ల పక్కపక్కనే ఉంచడం మూడోది, రెమీ రిపోజిటరీ పీహెచ్‌పీ వెర్షన్లను వేరే డైరెక్టరీలో పెట్టేది ఈ పద్ధతిలోనే. వేచి ఉండడం నాలుగోది.

డిపెండెన్సీలను పట్టించుకోవద్దని, ఫైళ్ల మీద ఫైళ్లు రాయమని బలవంతం చేసే ఆదేశాలను ఐదో దారిగా చూపడం తరచూ జరుగుతుంది. వాటి హాని తక్షణం కనబడదు. సాధనం దగ్గరున్న నమోదులకూ డిస్కులో ఉన్న వాస్తవానికీ పొంతన తప్పుతుంది, ఆ తర్వాతి ప్రతి నవీకరణ ఆ తప్పుడు లెక్క మీదే నడుస్తుంది. సగంలో ఆగిన నవీకరణ నుంచి బయటపడడానికి ఒక్కోసారి వీటి అవసరం రావచ్చు. అప్పుడైనా వెంటనే పూర్తి సమన్వయం చేసి నమోదులను సరిదిద్దాలి.

నమ్మకం కూడా బాధ్యతలో భాగమే. ప్యాకేజీలోని స్క్రిప్టులు స్థాపన వేళ రూట్ అధికారంతో నడుస్తాయి, కాబట్టి రిపోజిటరీ చేర్చడమంటే యంత్రం తాళాలు ఇవ్వడమే. డెబియన్‌కు మీడియా ప్యాకేజీలు అందించిన ఒక బయటి రిపోజిటరీ తన పేరు మార్చుకున్న తర్వాత పాత డొమైన్ ఇతరుల చేతిలోకి వెళ్లింది. దాన్ని జాబితాల నుంచి తీసేయమని డెబియన్ 2013లో హెచ్చరించవలసి వచ్చింది. ప్రతి రిపోజిటరీ సంతకం తాళంచెవిని దానికే పరిమితం చేసే పద్ధతి ఆప్ట్‌లో ఉంది, అన్నిటికీ చెల్లే ఉమ్మడి తాళంచెవుల గుత్తిని వదిలేయడం మంచిది.

విడిగా పెడితే చాలదా

ఫ్లాట్‌ప్యాక్, స్నాప్, కంటెయినర్లు వచ్చాక ఈ చర్చకే కాలం చెల్లిందన్న అభిప్రాయం ఉంది. డెస్క్‌టాప్ అప్లికేషన్ల విషయంలో అది చాలావరకు నిజం, వీడియో ప్లేయర్ కోసం మూల లైబ్రరీలు మార్చవలసిన అవసరం ఇప్పుడు తగ్గింది. అయితే కెర్నల్ మాడ్యూళ్లు, గ్రాఫిక్స్ డ్రైవర్లు, కొన్ని సిస్టమ్ సేవలు ఆ పెట్టెల్లో సులభంగా ఇమడవు. కంటెయినర్ లోపల ఉండేది కూడా మరో డిస్ట్రిబ్యూషనే, అక్కడా బయటి రిపోజిటరీలు చేర్చుతారు, అవే ఘర్షణలు అక్కడా వస్తాయి. ప్రతి వెర్షన్‌నూ వేరు చిరునామాలో ఉంచే నిక్స్ పద్ధతి సహజీవన సమస్యను మౌలికంగా తీర్చింది, అది గొప్ప విజయం. అయినా లోపలున్న పాత ఓపెన్ఎస్ఎస్ఎల్‌కు సవరణ ఎవరు పంపుతారన్న ప్రశ్న నిక్స్‌లోనూ, ఫ్లాట్‌ప్యాక్‌లోనూ, కంటెయినర్‌లోనూ మిగులుతుంది. వేరుచేయడం వల్ల ఘర్షణ తగ్గుతుంది, బాధ్యత మాత్రం చోటు మారుతుంది.

అసలు బయటి రిపోజిటరీలే వద్దనేవారి వాదన భద్రంగా వినిపిస్తుంది గాని, పైన చెప్పిన పేటెంట్లు, నియమాలు, పాత వెర్షన్ల అవసరాలు దానితో తీరవు. నిషేధం పెట్టిన చోట వాడుకరులు విడి ఫైళ్లు దింపుకుంటారు, అప్పుడు నవీకరణ పంపే రిపోజిటరీ కూడా ఉండదు. అంతకన్నా మేలైనది నియమబద్ధమైన కలయిక. రిపోజిటరీ నడిపేవారు ఏ మూల ప్యాకేజీలను మారుస్తారో ముందే ప్రకటించాలి, మార్చేవాటిని విడి విభాగంలో ఉంచాలి, మార్చినదాని మీద ఆధారపడేవాటికి అనుకూలత కల్పించాలి. డిస్ట్రిబ్యూషన్లు జిప్పర్ తరహాలో, చెప్పకుండా చేతులు మారని పద్ధతిని అప్రమేయంగా అమలు చేయాలి. యంత్రం నిర్వహించేవారు కొత్త రిపోజిటరీని చేర్చే రోజునే దాని నుంచి ఏ గుంపులు రావచ్చో నియమంగా రాసి, మిగిలిన అన్నిటికీ తలుపు మూయాలి. ఈ మూడూ నేడున్న సాధనాలతోనే సాధ్యం. కొత్త సాల్వర్ కోసం ఎదురుచూస్తూ వీటిని వాయిదా వేయడానికి కారణమేదీ లేదు.